లేచి నిలుచుట

పడకనుండి లేచి నిలుచుట యను నిత్యకృత్యము, చూచువారికి ఎంత సామాన్యముగ తోచినను, శరీరమునకు ప్రతిదినమును ఎదురగు ఒక కఠిన పరీక్ష. పరుండియున్నప్పుడు శిరస్సును, హృదయమును, పాదములును ఒకే మట్టమున నుండుటచే రక్తము ప్రయాసము లేకయే అంతటను ప్రసరించును; నిలుచున్న మరుక్షణమున, భూమ్యాకర్షణమునకు లోబడి, సుమారు అరలీటరు మొదలు ముప్పావు లీటరు వరకు రక్తము ఉదరమునందును కాళ్ళయందును గల సిరలలోనికి దిగజారును. దిగజారిన రక్తము వెంటనే తిరిగి రాదు గనుక హృదయము పైకి పంపగల రక్తము తగ్గును. మెడయందలి ధమనులలోను, మహాధమని వంపునందును ఉన్న పీడనగ్రాహకములు ఆ లోటును కనిపెట్టి మెదడునకు తెలుపగా, అచ్చటినుండి సహానుభూత నాడుల మార్గమున ఆజ్ఞలు వెలువడి, కాళ్ళలోని నాళములు ముడుచుకొనును. గుండె నిమిషమునకు పదిపదునైదు సార్లు అధికముగ కొట్టుకొనును. కొలది క్షణములలో సమస్తమును సర్దుకొనును. ఆరోగ్యవంతునికి ఇందులో ఒక్క అంశమైనను స్ఫురణకు రాదు.

కోనసీమలోని ఉప్పలగుప్తమువంటి ఊరిలో పుట్టి పెరిగినవారికి ఈ వ్యవహారమును బోధపరచుట సులభము. ధవళేశ్వరమున 1852 నాటికి పూర్తియైన ఆనకట్టనుండి మధ్యడెల్టా కాలువలలో బయలుదేరిన గోదావరి నీరు, గౌతమీ వసిష్ఠల నడుమనున్న సీమనంతను తడిపి, కట్టకడపట సముద్రమునకు సమీపమైన ఈ శివారు భూములకు చేరవలెనన్న, పైనున్న లాకులును తూములును సకాలమున సవరింపబడుచుండవలెను; లాకులు చూచు లస్కరు ఒక్కపూట ఏమరినను ముందుగా ఎండునది శివారు చేనే. నిలుచున్న మనుష్యునకు మెదడే శివారు ఆయకట్టు. ఇచట వివరింపదలచిన రెండు వ్యాధులలో ఒకటి లాకుల సవరింపునకు సంబంధించినది. రెండవది కాలువగట్లకు అకస్మాత్తుగ పడు గండ్లవంటిది. ఆ రెండును ఒకే దేహమున చేరినప్పుడు, ఒకదాని చికిత్స రెండవదానికి అపాయకరమగుట కూడ కలదు గనుక, వీనిని విడివిడిగ గాక జంటగ తెలిసికొనుట మిక్కిలి యవసరము.

మొదటిదానిని వైద్యులు సంక్షేపముగ పాట్స్ అందురు. పరుండిన స్థితినుండి లేచి నిలుచున్న పది నిమిషములలోగా, రక్తపీడనము చెప్పుకోదగినంత పడిపోకయే, గుండె వేగము నిమిషమునకు 30 గాని అంతకు మించి గాని పెరిగి, అట్లే నిలిచియుండుట దీని ప్రధాన లక్షణము; 12 మొదలు 19 సంవత్సరముల వయసువారికి స్వభావసిద్ధముగనే నాడి చురుకైనది కావున, వారి విషయమున 40 పెరుగవలెను. అట్టి స్థితి కనీసము మూడు మాసములు కొనసాగవలెను. నాడి యొక్కటియే గాక, తల తేలిపోవుట, కండ్లు బైర్లు కమ్ముట, చేతులు వణకుట, ఆలోచన మందగించుట, నిలుచున్న కొలదికాలమునకే పాదములు ఊదావర్ణమునకు తిరుగుట వంటి బాధలు తోడగును. పరుండినచో అవి తగ్గును. రోగులలో అధిక సంఖ్యాకులు 15 మొదలు 50 ఏండ్లలోపు స్త్రీలు.

ఈ వ్యాధిస్వరూపము నూతనమైనది కాదు. అమెరికా అంతర్యుద్ధమున పాల్గొనిన సైనికులలో గుండెదడయు, నిస్త్రాణయు, నొప్పియు కనబడుచున్నను హృదయమున దోషము కనరానివారిని గూర్చి 1871లో జేకబ్ డ కోస్టా విపులముగ వ్రాసెను. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున సర్ థామస్ లూయిస్ బ్రిటిషు సైనికులలో అట్టివారినే పరీక్షించెను. తరువాత పెక్కు దశాబ్దములు ఇది మనోదౌర్బల్యపు ఖాతాలో పడియుండెను. 1993లో షాన్‌డార్ఫ్, లో అను నాడీవైద్యులు నేటి నామమును, ప్రమాణమును నిర్ణయించిన పిదపగాని దీనికి వైద్యశాస్త్రమున స్థిరమైన స్థానము లభింపలేదు. మన పల్లెలలో నేటికిని ఇట్టి యువతిని చూచి, పైత్యము చేసినదనియో, నరాల బలహీనత యనియో, దిష్టి తగిలినదనియో సరిపెట్టుకొనుటయే జరుగుచున్నది. రక్తహీనత, థైరాయిడు దోషము, గర్భము, విరేచనములవలన ద్రవము తగ్గుట మొదలగు సులభ కారణములను ముందుగ వెదకి చూడవలసినదే; అందు సందేహము లేదు. కాని అవేవియు లేవని తేలిన పిమ్మట బాధయే లేదని తీర్మానించుట మాత్రము అన్యాయము. గడియారమొక్కటి చేతనున్నచో ఈ బాధను కొలువవచ్చును గదా! ఉదయమున పది నిమిషములు పరుండి నాడి లెక్కించి, పిదప దేనికిని ఆనుకొనక, కదలక నిలిచి, రెండు, అయిదు, పది నిమిషముల కొకసారి లెక్కించి వ్రాసికొన్న కాగితము వైద్యునకు ఎంతో ఉపకరించును. పడిపోవు ప్రమాదము కలదు గనుక ప్రక్కనొకరు ఉండియే ఈ పరీక్ష చేయవలెను.

ఇక రెండవ వ్యాధికి మూలమైన మాస్టు కణములను 1878లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, పాల్ ఎర్లిక్ లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన తన సిద్ధాంతవ్యాసమున వర్ణించెను. అనిలిన్ రంగులలో ముంచినప్పుడు వీని గర్భమునందలి రేణువులు అద్దిన రంగునకు భిన్నమైన వన్నె దాల్చుట యతని దృష్టి నాకర్షించెను. ఎముకల మూలుగలో జన్మించి, రక్తముతో బయలుదేరి, చర్మము, ప్రేగులు, శ్వాసమార్గములు, నాళముల పరిసరములు, నాడుల తుదలు మొదలగు చోట్ల స్థిరపడి పరిపక్వమగు ఈ కణముల రేణువులలో హిస్టమిన్, హెపారిన్, ట్రిప్టేస్ మున్నగు ద్రవ్యములు నిలువయుండును. హిస్టమిన్ నాళములను సడలించి రక్తపీడనమును పడద్రోయునని 1910లో హెన్రీ డేల్, లాయిడ్లా నిరూపించిరి. శరీరమున దాని నివాసము ఈ కణములేయని 1953లో డండీ నగరమున రైలీ, వెస్ట్ అను నిరువురు తెలిపిరి. కణమును రెచ్చగొట్టు ప్రతిరక్షకమైన ఐజీఈని 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో వెలికితీసిరి.

ఇవి మనలను పీడించుటకై పుట్టిన కణములని భావింపరాదు. విషమును, క్రిములను, ముఖ్యముగ ప్రేగులలో చేరు పురుగులను వెడలించుట వీని పనులలో నొకటి. పురుగుల బాధ గోదావరి డెల్టాకు కొత్తది కాదు. బోదకాలు ఈ సీమలో ఎన్ని కుటుంబముల కష్టమో పెద్దలకు తెలియును. ఆ బోదకాలు క్రిములను హరించు డైఇథైల్ కార్బమజీన్ అను ఔషధము 1947లో వెలువడినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలోనే యైనను, ఆ పరిశోధనకు నాయకత్వము వహించినవాడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నేటికిని ప్రభుత్వము ఇంటింటికి పంచు బోదకాలు మాత్ర యదియే. మన తెలుగువాడు పురుగును చంపు మందునకు కారకుడయ్యెను. ఆ పురుగులతో యుగయుగములు పోరాడిన కణములు, పోరాటము లేని వేళలందు సైతము రెచ్చిపోవుట యను వింతవ్యాధి మరియొక ప్రక్క నిలిచియున్నది.

ఈ వ్యాధి రెండు విధములు. కణములే అపరిమితముగ పెరిగి చర్మమునందో, మూలుగయందో గుంపులు కట్టుట మాస్టోసైటోసిస్. 1869లో లండనులో నెటిల్‌షిప్ వర్ణించిన పసిబిడ్డ మేని గోధుమవన్నె మచ్చలు దీని రూపమే. మచ్చను వ్రేలితో రాచినచో అది దద్దుగ ఉబ్బుట నేటికిని గుర్తింపు. పెద్దలలో శరీరమంతట వ్యాపించు రూపమునకు కారణము పదింట తొమ్మిదికి మించిన సందర్భములలో కిట్ అను జన్యువునందలి ఒక్క మార్పు: 816వ స్థానమున ఒక ఎమైనో ఆమ్లమునకు బదులు వేరొకటి చేరుట. రెండవ విధమున కణముల సంఖ్య అధికము కాదు. ఉన్నవే అకారణముగనో, అల్పకారణముననో, పలుమారులు తమ ద్రవ్యములను విడుదల చేయుచుండును. ముఖము జేవురించుట, దురద, దద్దుర్లు, కడుపునొప్పి, విరేచనము, ఊపిరి సలుపమి, తటాలున స్పృహ తప్పుట మొదలగునవి పూటకొక విధముగ, రోజుకొక రూపమున ప్రత్యక్షమగుటచే, రోగి చెప్పునది పరస్పర సంబంధము లేని మాటలుగ వినువారికి తోచును.

పాట్సును, ఈ మాస్టు కణవ్యాధియు కలియు చోటు ఎచ్చట? హిస్టమిన్ సూక్ష్మనాళములను వెడల్పు చేయుటయే గాక వాని గోడల నడుమ సందులు కల్పించును. ఆ సందులనుండి రక్తములోని ద్రవము బయటి కణజాలములోనికి చిమ్మును. గట్టునకు గండి పడినది. తీవ్రమైన దాడిలో పది నిమిషములలోనే నాళములందలి ద్రవమున మూడవవంతు వరకు ఇట్లు జారిపోవచ్చును. లోటును గుర్తించిన నాడీమండలము గుండెను పరుగెత్తించును. అంతియ గాక, హృదయమునందే హిస్టమిన్‌ను స్వీకరించు గ్రాహకములు కలవు గనుక, ఆ ద్రవ్యము తానుగ కూడ గుండె వేగమును హెచ్చించును. అమెరికాలో నాష్‌విల్ నగరపు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున షిబావో మొదలగు పరిశోధకులు 2005లో ప్రకటించిన వ్యాసమునందు, పాట్స్ రోగులలో కొందరికి ముఖము ఎర్రబారు దాడులతో కూడ మూత్రమున హిస్టమిన్‌కు సంబంధించిన మిథైల్ హిస్టమిన్ అధికమగుట కనిపించెను. వారిలో సహానుభూత నాడుల ఉద్రేకము మిక్కుటముగ నుండెను. ఎక్కువసేపు నిలుచుట, వ్యాయామము, భోజనము, ఋతుకాలము వారిలో దాడులను ప్రేరేపించెను. హిస్టమిన్ వలన నాడులు ఉద్రేకించుచున్నవో, నాడుల ఉద్రేకమువలన కణములు రెచ్చుచున్నవో ఇంతవరకు తేలలేదు. రెండును ఒకదాని నొకటి పెంచుకొనుచు చక్రమువలె తిరుగుట సంభవము.

ఇచట ఒక మాట నిష్కర్షగ చెప్పక తప్పదు. పాట్స్ గలవారందరికి మాస్టు కణవ్యాధి లేదు, కొద్దిమందికే. దద్దుర వచ్చినవారందరును, అలసినవారందరును ఈ వ్యాధి తమకు గలదని నిశ్చయించుకొని, అన్నమునందలి ఒక్కొక్క పదార్థమును విసర్జించుచు క్షీణించిపోవుట, వ్యాధిని గుర్తింపకపోవుట కంటె తక్కువ కీడు కాదు. ప్రమాణము కలదు. హిస్టమిన్ రక్తమున కొలది నిమిషములకే మాయమగును గాని ట్రిప్టేస్ కొన్ని గంటలు నిలిచియుండును. కావున దాడి వచ్చిన నాలుగు గంటలలోగా రక్తమును తీసి, అది తగ్గి కనీసము ఒక దినము గడచిన పిదప మరల తీసి, రెండు ఫలితములను పోల్చవలెను. మామూలు ఫలితమునకు అందులో అయిదవవంతును, దానిపై రెండును కలిపినంత గాని అంతకు మించి గాని దాడివేళ ఉన్నచో కణములు రెచ్చిన మాట నిజము: నెమ్మదిగానున్నప్పుడు 5 నానోగ్రాములైనచో దాడివేళ 8 ఉండవలెను. అర్ధరాత్రి ఉప్పలగుప్తమున దాడి వచ్చి, తెల్లవారి అమలాపురము చేరి, మధ్యాహ్నమున రక్తము నిచ్చినవారికి ఫలితము మామూలుగ వచ్చుటలో విశేషము లేదు, వేళ దాటిపోయినది. అట్టి రోగుల విషయమున, చికిత్స చేయు ప్రథమ వైద్యుడే ఒక సీసాలో రక్తము తీసి, సీరమును వేరుపరచి చల్లగ భద్రపరచి, పెద్ద నగరపు ప్రయోగశాలకు తరువాత పంపినను చాలును. ఇంత చిన్న జాగ్రత్త ఏండ్ల తరబడి సాగు సంశయమును తీర్చును.

చికిత్సలలోని పరస్పర విరోధమును తలచుకొనునప్పుడు స్కాట్లండు శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ జ్ఞప్తికి వచ్చును. ఆడ్రినలిన్ గుండెపై చేయు పనిని అడ్డగించు ప్రొప్రనొలాల్‌ను 1960 దశకమునను, హిస్టమిన్ యొక్క రెండవ జాతి గ్రాహకములను అడ్డగించు సిమెటిడిన్‌ను 1970 దశకమునను అతడే ప్రసాదించి, 1988లో నోబెల్ బహుమానము నందుకొనెను. పాట్స్ రోగి నాడిని నెమ్మదింపజేయుటకు కొద్ది మోతాదులో ప్రొప్రనొలాల్ వాడుట పరిపాటి. మాస్టు కణవ్యాధిలో సిమెటిడిన్ జాతి మందులు వాడుట పరిపాటి. ఒక్క మహనీయుని రెండు సృష్టులును ఒక్క రోగి దేహమున కలిసికొన్నప్పుడు మొదటిది ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. ఏలయన, తీవ్రమైన దాడిలో రోగిని బ్రతికించునది ఆడ్రినలిన్. ప్రొప్రనొలాల్ తీసికొనినవాని యందు ఆ ఆడ్రినలిన్ తన పని తాను చేయజాలదు. గండి పడినవేళ లస్కరు చేతులు కట్టివేసినట్లగును. అందుచేతనే వాండర్‌బిల్ట్ పరిశోధకులు అట్టివారిలో ఆ జాతి మందులను అత్యంత జాగరూకతతో గాని వాడరాదని హెచ్చరించిరి. గుండెలోని సహజ లయకేంద్రముపై మాత్రమే పనిచేసి, ఆడ్రినలిన్ గ్రాహకములను ముట్టని ఐవాబ్రడిన్ వంటి మందు ఇట్టిచోట వైద్యుని ఆలోచనలోనికి వచ్చును.

విరోధము ఇంతటితో తీరదు. దద్దుర్లకు మన పల్లెలలో వెంటనే పొడుచు పాతతరపు ఎలర్జీ ఇంజక్షనులు నిద్రను తెచ్చుటయే గాక, గుండెను నెమ్మదింపజేయు వేగస్ నాడి ప్రభావమును అణచి, నాడిని మరింత పరుగెత్తించును. సెటిరిజిన్ వంటి తరువాతి తరపు మందులలో ఈ దోషము స్వల్పము. ఒళ్ళునొప్పులకు ఆర్.ఎం.పి. వైద్యులు విరివిగ నిచ్చు డైక్లోఫెనాక్ సూదిమందు మాస్టు కణవ్యాధి గలవారిలో కొందరికి దాడిని రప్పించును. అయినను అదే కుటుంబమునకు చెందిన ఆస్పిరిన్, కణములు విడుదల చేయు ప్రోస్టాగ్లాండిన్ డి2 అధికమైన కొందరికి, నిపుణుల పర్యవేక్షణలో, మేలు చేయుటయు కలదు. కావున ఒక రోగికి హితమైనది వేరొకరికి హితమని యెంచి మాత్రలను ఇచ్చిపుచ్చుకొనుట ఈ వ్యాధిలో కూడని పని.

కోనసీమలో ఇట్టివారి దినచర్య ఎట్లుండవలెను? ఎండయే మొదటి శత్రువు. వేడిమి చర్మమునందలి నాళములను సడలించి రక్తమును అటు మళ్ళించును, కణములను సైతము రెచ్చగొట్టును. సముద్రపు తేమతో నిండిన గాలిలో చెమట ఆరదు గనుక దేహము చల్లబడదు. రోహిణీకార్తెలో మధ్యాహ్నవేళ పొలమునకు పోవుట, వేడినీటి తలంటు, జనసమ్మర్దములో దర్శనమునకై గంటలకొలది నిలుచుట వీరికి తగవు. ఊడ్పులలో వంగుచు లేచుచు పనిచేయు స్త్రీకిని, రొయ్యల షెడ్డులో దినమంత నిలిచి పనిచేయు స్త్రీకిని ఈ వ్యాధి జీవనోపాధికే ముప్పు. కూర్చుండి చేయు పని చూపించుట యజమానులకు పెద్ద భారము కాదు. నిలువవలసి వచ్చినప్పుడు కాళ్ళను పెనవేసి పిక్కలను బిగించుటయు, తల తేలిపోవుచున్నదని తోచగనే గొంతుకూర్చుండుటయు దిగజారిన రక్తమును పైకి మరలించును. మన పెద్దలకు గొంతుకూర్చుండుట సహజమైన అలవాటు. ఈ తరమువారు దానిని నామోషీగ నెంచవలసిన పనిలేదు.

పాట్స్ రోగికి నీరును ఉప్పును సమృద్ధిగ కావలెను: రక్తపోటును, మూత్రపిండముల వ్యాధియు లేనివారికి వైద్యుల అనుమతితో దినమునకు రెండు మూడు లీటర్ల ద్రవము, మామూలుకంటె హెచ్చు ఉప్పు. కోనసీమలో ద్రవమనగానే కొబ్బరినీళ్ళు గుర్తుకు వచ్చును. అవి మధురములు, ఆరోగ్యకరములు. కాని వానియందు పొటాసియము మెండు, సోడియము కొంచెము. ఉప్పు లోటును అవి పూరింపజాలవు. ఉప్పువేసిన గంజియో, ఓఆర్‌ఎస్ పొడి కలిపిన నీరో ఆ పనికి మేలు. ఆవకాయలో ఉప్పు పుష్కలమే గాని దాని కారము మాస్టు కణములను రెచ్చగొట్టవచ్చును. ఎవరికి ఏది పడునో నెమ్మదిగ, ఒక్కొక్కటిగ పరీక్షించి తెలిసికొనవలెను. తీరప్రాంతమువారు ఇంకొకటి గమనింపవలెను: కానాగంతలవంటి చేపలు పట్టిన వెంటనే మంచులో నుంచబడనిచో, వానియందలి హిస్టిడిన్‌ను సూక్ష్మజీవులు హిస్టమిన్‌గ మార్చును, ఒకమారు పుట్టిన హిస్టమిన్ ఎంత ఉడికించినను పోదు. ఎస్.యానాము, వాసాలతిప్ప తీరములకు దగ్గరనున్నవారికి తాజా చేప లభించుట ఈ విషయమున అదృష్టము. కాళ్ళకు తొడుగు ఒత్తుడు మేజోళ్ళు రక్తము దిగజారకుండ ఆపునని వైద్యులు చెప్పుదురు. మన ఉక్కలో అవే వేడిని, రాపిడిని కలిగించి చర్మమును రెచ్చగొట్టును గనుక, ఉదయపు చల్లని వేళలకు పరిమితము చేయుటయో, పొట్టకు పట్టీ కట్టుకొనుటయో యుక్తము.

కందిరీగలును తేనెటీగలును కొబ్బరితోటల సీమలో ఎవరికిని తప్పవు. మాస్టోసైటోసిస్ గలవారికి ఒక్క కాటు చాలును. దద్దురొక్కటియు లేకయే మనిషి తటాలున కూలిపోవచ్చును. కొబ్బరి దింపు కార్మికుడొకడు కందిరీగ కుట్టి స్పృహ తప్పెనన్నచో, భయమువలన అని కొట్టివేయక, ట్రిప్టేస్ పరీక్ష చేయించుట వివేకము. అట్టివేళ చుట్టునున్నవారు ఏమి చేయుదురో తలచుకొన్నచో ఆందోళన కలుగును: ఇరువురు రెక్కలు పట్టి లేపుదురు, మంచముపై కూర్చుండబెట్టుదురు, నోట నీరు పోయుదురు, ఆటోలో నిటారుగ కూర్చుండబెట్టి అమలాపురము తీసికొనిపోదురు. ఇంగ్లండులో ఎలర్జీ మరణములను పరిశీలించిన రిచర్డ్ పంఫ్రీ, కూలినవారిని లేపి కూర్చుండబెట్టిన లేక నిలువబెట్టిన క్షణములలోనే కొందరు మరణించిరని 2003లో ప్రకటించెను. ద్రవము బయటికి జారినప్పుడు హృదయమునకు చేరు కొద్దిపాటి రక్తము కూడ, లేపినంతనే, ఆగిపోవును. కావున వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టవలెను. వాంతి యగుచున్నచో ప్రక్కకు త్రిప్పవలెను. ఊపిరి అందనివారిని మాత్రమే కాళ్ళు చాపి కొంచెము వాలుగ కూర్చుండనీయవలెను. 108 వాహనమును పిలిచి, పరుండబెట్టియే తీసికొనిపోవలెను.

ఆ వేళ ప్రథమ ఔషధము ఆడ్రినలిన్. పెద్దవారికి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము బలము గల ద్రావణము అర మిల్లీలీటరు, తొడ వెలుపలి భాగమున కండరములోనికి. దద్దుర్ల మందును, స్టెరాయిడును ముందిచ్చి దీనిని ఆలసించుట ప్రమాదము. నాడి అప్పటికే వేగముగ నున్నదని ఆడ్రినలిన్ ఇచ్చుటకు వెనుదీయువారు కలరు. ఆ వేగము లోటును పూడ్చుటకై హృదయము పడు శ్రమయే గాని మందును వలదను సూచన కాదు. రోగి తన జేబులో ఎల్లప్పుడు ఒక కాగితము నుంచుకొనవలెను. అందు తన రెండు వ్యాధుల పేర్లును, పరుండినప్పటి నాడియు నిలుచున్నప్పటి నాడియు, నెమ్మదిగానున్నప్పటి ట్రిప్టేస్ అంకెయు, తనకు పడని నొప్పిమందులును, శస్త్రచికిత్సకు మత్తునిచ్చు వైద్యునికి ముందుగ తెలుపవలసిన సంగతియు, ప్రొప్రనొలాల్ జాతి మందు వాడుచున్నది లేనిదియు స్పష్టముగ ఉండవలెను; వాడుచున్నచో, ఆడ్రినలిన్ పనిచేయనప్పుడు గ్లూకగాన్ ఇవ్వవలసియుండునను మాట చివరి పంక్తిగ, తెలుగునను ఆంగ్లమునను, పెద్ద అక్షరములతో వ్రాయించుకొనవలెను.